జబ్బు ఎవరి వైపు నుంచి వచ్చింది? 1908 నాటి ఒక చిన్న లెక్క కథ



మన ఇళ్లల్లో ఒక మాట తరచుగా వినిపిస్తుంది. పుట్టిన బిడ్డకి తలసీమియా అనో, పుట్టుకతో వచ్చే ఇంకేదో జబ్బు అనో డాక్టర్ చెప్పగానే ఎవరో ఒక పెద్దాయన అంటారు, "మా వంశంలో ఏడు తరాలుగా ఎవరికీ లేదు, ఇది ఎక్కడి నుంచి వచ్చింది?" అని. ఆ మాట పూర్తయ్యేలోపే అందరి చూపూ కోడలి వైపు తిరుగుతుంది. ఆ అమ్మాయి ఒకపక్క బిడ్డ కోసం ఏడుస్తూ, ఇంకోపక్క ఈ చూపులు మోయాలి.

ఈ చూపు ఎంత తప్పో చెప్పడానికి నీతి బోధలు అక్కర్లేదు. ఎనిమిదో తరగతి గుణకారం చాలు. ఆ గుణకారాన్ని కనిపెట్టిన వాళ్లెవరు, దాన్ని కొంతమంది ఎంత ఘోరంగా పక్కన పెట్టేశారు, చివరికి అది మన కాకినాడ దాకా ఎలా వచ్చింది అన్నదే ఈ ఎపిసోడ్. దీన్ని జనాభా జన్యుశాస్త్రం అంటారు, అంటే పాపులేషన్ జెనెటిక్స్. పేరు చూసి భయపడకండి. నేను ఒక్క సూత్రం కూడా బోర్డు మీద రాయను. మీకు ఒక కుండ, కొన్ని గింజలు చాలు.

ముందు పదో తరగతి గుర్తు చేసుకుందాం. మెండెల్, బఠానీ మొక్కలు, మూడుకి ఒకటి నిష్పత్తి. ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లో ఉన్న బ్రనో నగరంలో, ఒక మఠంలో ఉంటూ ఆయన చేసిన పని 1866లో అచ్చయింది. దాదాపు 35 ఏళ్లు దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1900లో మళ్లీ వెలుగులోకి వచ్చింది. ప్రతి లక్షణానికీ మన దగ్గర రెండు కాపీలు ఉంటాయి, ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. ఒక్క కాపీ ఉన్నా బయటపడే లక్షణం బహిర్గతం. రెండు కాపీలూ ఒకే రకమైతేనే బయటపడేది అంతర్గతం. ఇంతవరకూ మనం చదివిందే.

కానీ మెండెల్ చూసింది కొన్ని మొక్కల్ని. ఒక దేశం మొత్తం మీద, కోట్ల మంది మధ్య, తరాల తరబడి ఏమవుతుంది? అసలు ప్రశ్న ఇక్కడ మొదలైంది.

1908లో రెజినాల్డ్ పన్నెట్ అనే కేంబ్రిడ్జి శాస్త్రవేత్త లండన్‌లో డాక్టర్ల ముందు ప్రసంగించారు. మన పుస్తకాల్లో గళ్లు గీసి మెండెల్ లెక్కలు చేస్తామే, ఆ గళ్లు ఈయన పేరు మీదే ఉన్నాయి. అక్కడ ఒక చిక్కు ప్రశ్న వచ్చింది. చేతివేళ్లు పొట్టిగా ఉండే ఒక లక్షణం ఉంది, అది బహిర్గతం. మెండెల్ మాటే నిజమైతే, అది పెరిగి పెరిగి కొన్నాళ్లకి నలుగురిలో ముగ్గురికి పొట్టి వేళ్లు ఉండాలి కదా? మరి ఎందుకు లేవు? గణాంక శాస్త్రవేత్త ఉడ్నీ యూల్ లేవనెత్తిన వాదన ఇది. ఇది తప్పని పన్నెట్‌కి తెలుసు, కానీ ఎందుకు తప్పో చెప్పలేకపోయారు.

పన్నెట్‌కి ఒక క్రికెట్ స్నేహితుడు ఉన్నారు. పేరు జి.హెచ్. హార్డీ. ఈ పేరు ఎక్కడో విన్నట్టుంది కదా? అవును, 1913లో రామానుజన్ మద్రాసు నుంచి రాసిన ఉత్తరం అందుకున్నది, ఆయన్ని కేంబ్రిడ్జికి పిలిపించింది ఈ హార్డీయే. పన్నెట్ ఈ సందేహం అడిగితే హార్డీ ఒక చిన్న లెక్క చేసి, సైన్స్ పత్రికకి ఒక చిన్న ఉత్తరం రాసి పంపేశారు. 1908 జులైలో అది అచ్చయింది. ఇంత తేలికైన విషయం జీవశాస్త్రవేత్తలకి తెలియదా అన్న మొహమాటం ఆ ఉత్తరంలో కనిపిస్తుంది. అదే ఏడాది జనవరిలో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో విల్హెల్మ్ వైన్‌బర్గ్ అనే డాక్టర్ ఇదే లెక్క చెప్పారు. అందుకే ఇప్పుడు దీన్ని హార్డీ-వైన్‌బర్గ్ సూత్రం అంటున్నాం.

ఆ లెక్క ఏంటో చూద్దాం. ఒక ఊళ్లో అందరి దగ్గర ఉన్న జీన్ కాపీలన్నీ ఒక పెద్ద కుండలో పోశాం అనుకోండి. మంచి కాపీ తెల్ల గింజ, జబ్బు కాపీ నల్ల గింజ. ప్రతి 100 గింజల్లో 99 తెల్లవి, 1 నల్లది. పుట్టబోయే ప్రతి బిడ్డా కళ్లు మూసుకుని రెండు గింజలు తీసుకుంటుంది, ఒకటి అమ్మ తరఫున, ఒకటి నాన్న తరఫున.

రెండూ నల్లవే వచ్చే అవకాశం ఎంత? వందో వంతుని వందో వంతుతో గుణిస్తే పదివేలలో ఒకటి. రెండూ తెల్లవే వచ్చే వాళ్లు, 99ని 99తో గుణిస్తే, పదివేలలో 9,801 మంది. మిగిలింది 198 మంది. వీళ్ల దగ్గర ఒక తెల్లది, ఒక నల్లది ఉంటాయి.

ఇప్పుడు ఈ పదివేల మంది దగ్గరున్న 20,000 గింజల్నీ మళ్లీ కుండలో పోయండి. నల్లవి ఎన్ని? 198 మంది దగ్గర ఒక్కోటి, జబ్బున్న ఒక్కరి దగ్గర రెండు. మొత్తం 200. అంటే 20,000లో 200. అంటే మళ్లీ వందకి ఒకటే! పెరగలేదు, తగ్గలేదు. బహిర్గతం అయినంత మాత్రాన ఒక లక్షణం వ్యాపించిపోదు, అంతర్గతం అయినంత మాత్రాన మాయమైపోదు. యూల్ ప్రశ్నకి జవాబు ఇదే.

సరే, ఇప్పుడు మన ఇంటి ప్రశ్నకి వద్దాం. ఆ 198 అనే అంకె మీద ఒక్క నిమిషం ఆగండి. జబ్బు కనిపించేది ఒక్కరికి. అదే కాపీని ఏ లక్షణం లేకుండా, ఆరోగ్యంగా, తెలియకుండా మోస్తున్నది 198 మంది. వీళ్లని క్యారియర్లు అంటారు. సుమారుగా 50 మందికి ఒకరు. పెళ్లి భోజనాల్లో ఒక బంతికి 50 మంది కూర్చుంటే, సగటున ఒక్కరైనా ఉంటారన్నమాట. అది కూడా ఒక్క జబ్బుకే. ఇలాంటి అంతర్గత జబ్బులు వందల్లో ఉన్నాయి కాబట్టి, మనలో చాలామందిమి ఏదో ఒక దానికి క్యారియర్లమే. నేను కావచ్చు, ఇది వింటున్న మీరు కావచ్చు.

కాబట్టి "మా వంశంలో ఎవరికీ లేదు" అనే మాటకి అర్థం "మా వంశంలో ఆ కాపీ లేదు" అని కాదు. ఏడు తరాలు కనిపించకుండా రావడమే దాని స్వభావం. ఇంకో ముఖ్యమైన విషయం, ఇలాంటి జబ్బు బిడ్డకి రావాలంటే రెండు నల్ల గింజలు కావాలి. ఒకటి అమ్మ నుంచి, ఒకటి నాన్న నుంచి. కోడలి వైపు నుంచి మాత్రమే వచ్చింది అనడం లెక్క ప్రకారమే కుదరదు. ఇద్దరూ క్యారియర్లు అయితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. హీమోఫిలియా లాంటి కొన్ని జబ్బులు వేరే దారిలో వస్తాయి, వాటి లెక్క వేరు. కానీ తలసీమియా, సికిల్ సెల్ లాంటి వాటికి ఇదే లెక్క.

ఇంత సులువైన లెక్క చేతిలో ఉన్నా, చరిత్ర దీన్ని ఎలా పక్కన పెట్టిందో చూడండి.

1883లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఆయన యూజెనిక్స్ అనే మాట పుట్టించారు. "మంచి జాతి" వాళ్లు ఎక్కువ మంది పిల్లల్ని కనాలి, "చెడ్డ జాతి" వాళ్లు కనకూడదు అనే ఆలోచన. 1927లో అమెరికా సుప్రీంకోర్టు, వర్జీనియా రాష్ట్రం ఒక యువతికి బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయడం సబబే అని తీర్పు ఇచ్చింది. ఎనిమిది మంది జడ్జీలు అటు, ఒక్కరు మాత్రం ఇటు. ఆ దేశంలో ఇలా 60,000 మందికి పైగా బలయ్యారు. 1933లో హిట్లర్ ప్రభుత్వం ఇలాంటి చట్టమే తెచ్చి సుమారు 4 లక్షల మందికి ఆపరేషన్లు చేసింది. అది తర్వాత ఎక్కడికి దారి తీసిందో మనకి తెలుసు.

ఇది మానవత్వం లేని పని, అందులో రెండో మాట లేదు. కానీ వాళ్లు చెప్పుకున్న లక్ష్యం అయినా నెరవేరేదా? మన కుండని అడుగుదాం. జబ్బు బయటపడిన ఒక్కరినీ పిల్లలు కనకుండా ఆపారు అనుకోండి. 200 నల్ల గింజల్లో మీరు తీసేసింది రెండు. మిగతా 198 ఆరోగ్యవంతుల దగ్గర హాయిగా ఉన్నాయి. ఇలా ప్రతి తరంలోనూ ఒక్కరిని కూడా వదలకుండా ఆపుకుంటూ పోతే, వందకి ఒకటి ఉన్న నల్ల గింజ రెండు వందలకి ఒకటి కావడానికి పట్టే కాలం 100 తరాలు. తరానికి 25 ఏళ్లు వేసుకున్నా 2,500 ఏళ్లు! పన్నెట్ కూడా 1917లోనే ఇలాంటి లెక్క వేసి, ఇది చాలా నెమ్మదైన పని అని చూపించారు. అంటే లెక్క అప్పటికే ఉంది. వినే వాళ్లే లేరు.

ఈ కథలో నాకు బాగా నచ్చే మనిషి ఇప్పుడు వస్తున్నారు. జె.బి.ఎస్. హాల్డేన్. 1892లో ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు, మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడారు, తన శరీరం మీదే ప్రమాదకరమైన ప్రయోగాలు చేసుకున్నారు. 1938లో వంశపారంపర్యం, రాజకీయాల గురించి ఒక పుస్తకం రాసి, ఈ యూజెనిక్స్ వాదనల్ని లెక్కలతో, సాక్ష్యాలతో ఎండగట్టారు.

హార్డీ లెక్క కుండలో గింజలు ఎందుకు మారవో చెప్పింది. కానీ నిజ జీవితంలో మారుతున్నాయి కదా, పరిణామం జరుగుతోంది కదా. ఎప్పుడు మారతాయి, ఎంత వేగంగా మారతాయి? ఈ లెక్క కట్టింది ముఖ్యంగా ముగ్గురు. ఇంగ్లండ్‌లో హాల్డేన్, రొనాల్డ్ ఫిషర్, అమెరికాలో స్యువల్ రైట్. విచిత్రం ఏంటంటే, ఈ లెక్కల్లో మహా మేధావి అయిన ఫిషర్ యూజెనిక్స్‌ని గట్టిగా సమర్థించారు. లెక్క వచ్చినంత మాత్రాన మనిషికి న్యాయం కనిపించాలని లేదు.

హాల్డేన్ 1924లో ఒక రెక్కల పురుగు తీసుకున్నారు. రాత్రిపూట దీపం చుట్టూ తిరిగే మాత్ జాతి. ఇంగ్లండ్‌లో అది లేత రంగులో ఉండేది. 1848లో మాంచెస్టర్ దగ్గర ఒక నల్లది దొరికింది. ఫ్యాక్టరీల పొగకి చెట్లన్నీ మసిబారాయి. లేత రంగు పురుగులు పిట్టల కంట పడిపోయేవి. ఆ శతాబ్దం చివరికి అక్కడ దాదాపు అన్నీ నల్లవే. ఇంత తక్కువ కాలంలో ఇంత మార్పు రావాలంటే, ఒక లేత రంగు పురుగు సంతానం రెండు మిగిలిన చోట నల్లదాని సంతానం మూడు మిగలాలి అని హాల్డేన్ లెక్క తేల్చారు. ప్రకృతి ఎంపిక ఇంత బలంగా ఉంటుందని అప్పటివరకూ చాలామంది ఊహించలేదు.

మరి నల్ల గింజ కూడా ఒక్కోసారి మేలు చేస్తుందా? చేస్తుంది. మలేరియా ఉన్న ప్రాంతాల్లోనే తలసీమియా ఎక్కువగా ఎందుకు ఉంది అని హాల్డేన్ 1940ల చివర్లో ఆలోచించి, క్యారియర్లకి మలేరియా నుంచి రక్షణ ఉందేమో అన్నారు. 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో పరిశీలనలు చేసి, సికిల్ సెల్ విషయంలో ఇది నిజమే అని చూపించారు.

ఇది కూడా గింజల్లో చూద్దాం. అర్థం కావడానికి అంకెలు నేనే ఎంచుకుంటున్నాను. 121 మంది పిల్లలు పుట్టారు. 100 మందికి రెండూ తెల్లవి, 20 మంది క్యారియర్లు, ఒకరికి జబ్బు. మలేరియా వచ్చి ఆ వందలో 10 మందిని తీసుకుపోయింది. జబ్బున్న బిడ్డ కూడా బతకలేదు. క్యారియర్లు 20 మందీ బతికారు. మిగిలింది 110 మంది, 220 గింజలు, అందులో నల్లవి 20. అంటే పదకొండుకి ఒకటి. మొదట్లో ఎంత? 242లో 22. అదీ పదకొండుకి ఒకటే! జబ్బు బిడ్డల్ని తీసుకెళ్తున్నా నల్ల గింజ తగ్గలేదు, ఎందుకంటే మలేరియా నుంచి అది మరికొందరిని కాపాడుతోంది. మన ఏజెన్సీ ప్రాంతాల గిరిజన బిడ్డల్లో సికిల్ సెల్ కనిపిస్తే అది ఏ పాపానికీ ఫలితం కాదు, ఎవరి శాపమూ కాదు. తరాల తరబడి దోమలతో చేసిన పోరాటం మిగిల్చిన గుర్తు అది.

ఇక స్యువల్ రైట్. ఈయన తల్లిదండ్రులు వరసకి అన్నదమ్ముల బిడ్డల లాంటి దగ్గరి బంధువులే, ఫస్ట్ కజిన్స్. ఈయన గినీ పందుల మీద పనిచేస్తూ, దగ్గరి బంధువుల మధ్య సంతానం కలిగితే ఏమవుతుందో 1922లో ఒక కొలత ఇచ్చారు. ఇది నేరుగా మన మేనరికాలకి సంబంధించింది, కాబట్టి జాగ్రత్తగా వినండి.

దగ్గరి బంధువులు గింజలు తీసేది ఊరి కుండలోంచి కాదు, ఇంటి చెంబులోంచి. అమ్మకి వచ్చిన గింజ, నాన్నకి వచ్చిన గింజ ఒకే తాతగారిదో, ఒకే అమ్మమ్మదో అయ్యే అవకాశం ఉంటుంది. మేనమామ, అక్క కూతురు పెళ్లి చేసుకుంటే పుట్టే బిడ్డలో అది ఎనిమిదో వంతు. మేనత్త, మేనమామ పిల్లలు చేసుకుంటే పదహారో వంతు. ఇప్పుడు మన పాత లెక్కకి వద్దాం, వందకి ఒక నల్ల గింజ. బయటి సంబంధం అయితే పదివేలలో ఒక్క బిడ్డకి జబ్బు. బావామరదళ్లు అయితే సుమారు ఏడుగురికి. మేనమామ అయితే సుమారు పదమూడు మందికి.

దీన్ని రెండు వైపుల నుంచీ చూడాలి. ముప్పు పదమూడు రెట్లు పెరిగింది, ఇది చిన్న విషయం కాదు. అదే సమయంలో పదివేలలో 9,987 మందికి ఆ జబ్బు లేదు, అందుకే "మాదీ మేనరికమే, మా పిల్లలు బాగానే ఉన్నారు" అనే వాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్లు అబద్ధం చెప్పట్లేదు. ఒక్క ఇంట్లో ఈ తేడా కనపడదు, వేల ఇళ్లు లెక్కపెడితేనే కనపడుతుంది. అందుకే ఈ లెక్క కావాలి.

ఆ వేల ఇళ్లు లెక్కపెట్టే పని మన దగ్గర మొదలవ్వడానికి కూడా హాల్డేనే కారణం. 1956లో సూయెజ్ కాలువ విషయంలో బ్రిటన్ చేసిన దాడిని తప్పుపట్టి, 1957లో ఆయన భార్య హెలెన్ స్పర్వేతో కలిసి భారతదేశం వచ్చేశారు. మహలనోబిస్ నడిపే కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. కుర్తా, పైజమాకి మారారు, తర్వాత మన దేశ పౌరసత్వం తీసుకున్నారు. అక్కడ ఆయన దగ్గర పరిశోధన చేసిన వాళ్లలో పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. ఆయన, మీరా ఖాన్ కలిసి ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాలు ఎంత ఎక్కువగా ఉన్నాయి, వాటి ప్రభావం ఏంటి అని పరిశీలించి 1960ల మొదట్లో పరిశోధన పత్రాలు రాశారు.

హాల్డేన్ 1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు. తన శరీరం వైద్య విద్యార్థులకి ఉపయోగపడాలని ముందే రాసి ఉంచారు. ఆ ప్రకారం ఆయన దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. ఆక్స్‌ఫర్డ్‌లో మొదలైన జీవితం, గోదావరి జిల్లా పిల్లలు వైద్యం నేర్చుకునే గదిలో పాఠంగా మిగిలింది.

ఇంకొక్క విషయం చెప్పి ముగిస్తాను. "మేం మేనరికాలు చేసుకోం, మాకేం భయం?" అనుకునే వాళ్లకి ఇది. ఎప్పుడో పది జంటలు వెళ్లి ఒక కొత్త సమూహం మొదలుపెట్టారు అనుకోండి. 20 మంది, 40 గింజలు. అందులో అనుకోకుండా ఒక నల్లది ఉంది. బయట వెయ్యికి ఒకటి ఉన్న గింజ, ఇక్కడ నలభైకి ఒకటి అయింది. జబ్బు బయట పది లక్షల్లో ఒకరికి, ఇక్కడ 1,600లో ఒకరికి. వాళ్లు వందల ఏళ్లు తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటే, సంఖ్య లక్షలకి పెరిగినా ఆ నిష్పత్తి మిగిలే ఉంటుంది. ఇందులో ఎవరి గొప్పా లేదు, ఎవరి తప్పూ లేదు. ఉత్త లాటరీ.

హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు, అమెరికా పరిశోధకులు కలిసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో దక్షిణాసియాలోని 263 సమూహాల్ని చూస్తే, 81 సమూహాల్లో ఈ ప్రభావం చాలా బలంగా కనిపించింది. అందులో మన వైశ్య సమాజం గురించి ఒక ఉదాహరణ ఉంది. ఆపరేషన్ సమయంలో కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందుని శరీరం విరగ్గొట్టే ఎంజైమ్ వీళ్లలో కొందరికి తక్కువ. ముందే తెలిస్తే డాక్టర్ వేరే మందు వాడతారు, అంతే. తెలియకపోతే ప్రాణం మీదకి రావచ్చు. తెలుసుకోవడం వల్ల ఎవరి పరువూ పోలేదు, ప్రాణం నిలబడింది.

కాబట్టి ఈ లెక్క మనల్ని అడిగేది చిన్న పని. పెళ్లికి ముందో, కనీసం పిల్లల్ని ప్లాన్ చేసుకునే ముందో, తలసీమియాకి, సికిల్ సెల్‌కి హీమోగ్లోబిన్ రకాన్ని చూసే రక్త పరీక్ష చేయించుకోండి. అబ్బాయి, అమ్మాయి ఇద్దరూ. జాతకాలు ఇద్దరివీ చూస్తాం కదా, ఇదీ అలాగే. ఒక్కరే క్యారియర్ అయితే పిల్లలకి ఆ జబ్బు రాదు. ఇద్దరూ అయితే డాక్టర్ దగ్గర దారులు ఉన్నాయి. మేనరికం అయితే జెనెటిక్ కౌన్సెలింగ్ తప్పకుండా తీసుకోండి.

ఈసారి ఎవరింట్లోనైనా "ఇది ఎవరి వైపు నుంచి వచ్చింది?" అనే మాట వినపడితే, మీరు గొడవ పడొద్దు. ఒక కుండ, వంద గింజలు చెప్పండి. రెండు వైపుల నుంచీ చెరొకటి వచ్చిందని చెప్పండి. ఆ అమ్మాయి తల మీద బరువు అప్పుడైనా దిగుతుంది.